పాత కాంటెస్సాకు కొత్త సత్తా: హైదరాబాద్‌లో పునరుద్ధరణ, పెర్ఫార్మెన్స్ మార్పులకు సమగ్ర మార్గదర్శి

పొడవాటి బానెట్, వెనక చక్రాల డ్రైవ్, ముందు డబుల్ విష్‌బోన్లు (ఒక్కో చక్రాన్ని పైనా కిందా పట్టుకునే రెండు చేతులు), వెనక కాయిల్ స్ప్రింగుల మీద లైవ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు). మన దేశంలో తయారైన కార్లలో ఇవన్నీ కలిసి దొరికేవి చాలా తక్కువ, వాటిలో ముందు గుర్తొచ్చేది హిందుస్థాన్ కాంటెస్సా. బ్రిటన్ వాక్స్‌హాల్ కంపెనీ వీఎక్స్ కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1984 నుంచి 2002 వరకు తయారుచేసింది. తొలి కార్లలో అంబాసిడర్‌కు వాడిన 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ ఉండేది, 50 హార్స్‌పవర్ మాత్రమే. తర్వాత ఇసుజు 1817 సీసీ 4జెడ్‌బీ1 పెట్రోల్ ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు వచ్చాక శక్తి 88 హార్స్‌పవర్ దరిదాపులకు చేరింది. ఈ వ్యాసం ప్రధానంగా ఇసుజు కారు గురించి. రేకు, బ్రేకులు, కూలింగ్ మాటలు మాత్రం పాత రకానికీ సరిపోతాయి.

పని వరుస ఇలా పెట్టుకోండి: కాగితాలు, రేకు, బ్రేకులు, కూలింగ్, వైరింగ్, సస్పెన్షన్, ఆఖరున ఇంజిన్. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఉన్న డబ్బంతా ఇంజిన్ మీద పోసి, తీరా ఫ్లోర్ విప్పి చూసేసరికి జేబు ఖాళీ. షెడ్లలో ఏళ్ల తరబడి దుమ్ము కొట్టుకుపోతున్న సగం విప్పిన కార్లలో ఎక్కువ భాగం ఇలా ఆగిపోయినవే. అనుకున్న బడ్జెట్‌లో మూడో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. అది రేకు పనికే సరిపోతుంది.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అరిగిన ఇంజిన్ స్థానంలో అదే కంపెనీ, అదే రకం, అదే ఇంధనం ఇంజిన్ పెట్టుకుని, కొత్త నంబరును ఆర్‌టీఏలో నమోదు చేయించుకోవచ్చు. టయోటా 2జేజెడ్ లాంటి ఆరు సిలిండర్ల ఇంజిన్ దింపితే ఆర్‌సీలో చోటు దొరకదు, ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ నిలవదు. పైగా ఆ బరువుకు ముందు స్ప్రింగులు, బ్రేకులు, గేరుబాక్సు, వెనక యాక్సిల్ అన్నీ మార్చాల్సి వస్తుంది. అప్పుడు మిగిలేది కాంటెస్సా పైడొప్ప మాత్రమే. అందుకే ఇక్కడ చెప్పే మార్పులన్నీ ఇసుజు ఇంజిన్ చుట్టూనే తిరుగుతాయి.

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. రెన్యువల్ ఎప్పుడో వదిలేసిన కారైతే బేరం ఆడకముందే ఆర్‌టీఏలో పెండింగు ఫీజులు, గ్రీన్ ట్యాక్స్, చలాన్లు ఎంతో కనుక్కోండి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్లకు ఆంక్షలున్నందున అక్కడి బళ్లు చవగ్గా కనిపిస్తాయి. ఎన్‌ఓసీ చేతికి రాకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఛాసిస్ నంబర్ కొట్టిన రేకును కోయడం, గ్రైండ్ చేయడం, మీద వెల్డింగ్ వేయడం అస్సలు వద్దు. ఆ చోట తుప్పు ఉంటే చుట్టూ బాగుచేయించి, ముందూ వెనకా ఫొటోలు తీసి దాచండి.

50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో ప్రత్యేక వింటేజ్ నిబంధనలు వచ్చాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ చెప్పుకోదగ్గ స్థాయిలో మార్చని బళ్లకే అవి వర్తిస్తాయి. తొలి కాంటెస్సాకు కూడా ఆ వయసు 2034లోగానీ రాదు. అప్పటికి అర్హత కావాలనుకుంటే తీసిన ప్రతి అసలు భాగాన్నీ గ్రీజు పూసి, పేరు రాసి దాచిపెట్టండి. మార్పులన్నీ మళ్లీ వెనక్కి తిప్పుకోగలిగేలా, బోల్టుతో బిగించేవిగా ఉండాలి.

కొనేముందు చూడాల్సింది

బానెట్ ఎత్తేముందు కార్పెట్ ఎత్తండి. దీనికి విడి ఛాసిస్ ఫ్రేమ్ లేదు, బాడీయే ఫ్రేమ్. ఫ్లోర్, సిల్స్ (డోర్ల కింద పొడవునా ఉండే బోలు దూలాలు), ముందు లెగ్స్ (ఇంజిన్ బరువు మోసే దూలాలు) తుప్పు పట్టాయంటే కారు వెన్ను విరిగినట్టే. వెంట తీసుకెళ్లాల్సినవి ఒక చిన్న అయస్కాంతం, స్క్రూడ్రైవర్, టార్చిలైటు, వీలైతే పెయింట్ మందం కొలిచే గేజి. అసలు పెయింట్ 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 దాటితే మళ్లీ పెయింట్ వేశారు. 1000 దాటితే లోపల పుట్టీ ఉంది. వీధిలో తళతళలాడుతూ కనిపించే చాలా బళ్లు పైన పటారం, లోన లొటారం.

స్క్రూడ్రైవర్ కొసతో నొక్కి చూడాల్సిన చోట్లు: బ్యాటరీ ట్రే కింద, ముందు అద్దం దిగువ మూలలు, డోర్ల కింద సిల్స్ రెండు చివర్లు, వెనక చక్రాల ఆర్చీలు, డిక్కీలో స్టెప్నీ గుంట, అన్నిటికంటే ముఖ్యంగా వెనక యాక్సిల్ లింకులు బాడీకి తగులుకునే బ్రాకెట్లు. ఆ బ్రాకెట్ల చుట్టూ రేకు మెత్తబడి ఉంటే బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ కదులుతుంది. ఇది బాగుచేయలేనిది కాదు, కానీ ధర నుంచి గట్టిగా తగ్గించాల్సిన అంశం.

డోర్లు కొద్దిగా తెరిచి పైకెత్తి చూడండి. ఊగితే హింజ్ పిన్నులు అరిగినట్టు. హింజులు బిగువుగా ఉన్నా డోర్ వెనక అంచు కిందికి వాలి ఉందంటే సిల్ కుంగినట్టు. ఇంజిన్ పొగ, గేరుబాక్సు రొద ఇవేవీ బేరం చెడగొట్టేంత పెద్దవి కావు. ఇదే ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో కూడా వచ్చింది కాబట్టి విడిభాగాలకు మరో దారి ఉంది. అసలు దొరకనివి టెయిల్ ల్యాంపులు, అద్దాల బీడింగులు, క్రోమ్ ముక్కలు, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కులు. అవి పూర్తిగా ఉన్న కారుకు పదివేలు ఎక్కువైనా పెట్టొచ్చు.

విప్పడం

ప్రతి బోల్టూ జిప్ కవర్లో, కవరు మీద పెర్మనెంట్ మార్కర్‌తో పేరు. విప్పేముందు ఫొటో, విప్పాక ఫొటో. వైరింగ్‌ను కోయకుండా మొత్తంగా తీయండి, కొత్తది అల్లేటప్పుడు పొడవులకు అదే నమూనా. తుప్పుపట్టి కదలని బోల్టుకు ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచండి. మొండికేస్తే వేడి చేయండి, పానాకు పైపు తొడిగి లాగితే బోల్టు తల విరుగుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ కారులో వాక్స్‌హాల్ నుంచి వచ్చిన భాగాలకు ఇంచుల కొలత యూఎన్‌ఎఫ్ మరలు, ఇసుజు భాగాలకు మెట్రిక్ మరలు. రెండూ ఒకే డబ్బాలో పడేశారంటే మొదటికే మోసం. వేరు వేరు డబ్బాలు పెట్టి, వేరే రంగు టేపు అంటించండి. రాణిగంజ్‌లో రెండు రకాలూ హైటెన్సైల్ గ్రేడులో దొరుకుతాయి. సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకుల బోల్టులకు తలమీద 8.8 అంతకంటే ఎక్కువ అంకె లేని మెట్రిక్ బోల్టు వాడొద్దు.

రేకు పని

సిల్ కోసేముందు డోర్ ఫ్రేమ్‌కు అడ్డపట్టీలు కట్టాలి. ఈ ఒక్క దశ దాటేసినందుకే పని అయ్యాక డోర్లు మూసుకోని కార్లు కనిపిస్తాయి. 25 మి.మీ. చదరపు ట్యూబు తీసుకుని డోర్ హింజ్ బోల్టులకూ లాక్ స్ట్రైకర్ బోల్టులకూ మధ్య అడ్డంగా, మరొకటి ఏటవాలుగా బిగించండి. కారు సస్పెన్షన్ మీద, సమతలమైన నేల మీద ఉండాలి. జాకీల మీద మధ్యలో ఎత్తిపెట్టి సిల్ కోస్తే బాడీ వంగి అలాగే గడ్డకడుతుంది. డోర్ చుట్టూ నాలుగు చోట్ల గ్యాపు కొలిచి గోడమీద రాసుకోండి. ఒక వైపు సిల్ పూర్తిగా వెల్డ్ చేసి, కొలతలు సరిపోయాకే రెండో వైపు ముట్టుకోవాలి.

ఫ్లోర్‌కూ సిల్స్‌కూ 18 గేజి, అంటే 1.2 మి.మీ. సీఆర్‌సీఏ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) షీటు వాడండి. బయటి ప్యానెళ్లకు 20 గేజి, 0.9 మి.మీ. చాలు. అతుకు రేకును తుప్పు మీద కప్పేయడం అసలు పనికిరాదు. మెరిసే ఇనుము కనిపించేదాకా కోసి, అంచుకు అంచు కలపాలి. మిగ్ వెల్డింగ్‌కు (గ్యాస్ రక్షణలో తీగతో చేసే ఎలక్ట్రిక్ వెల్డింగ్) 0.8 మి.మీ. తీగ. పలచని ప్యానెల్ మీద ఒకేసారి గీతలా లాగితే వేడికి రేకు అలలు తేలుతుంది. చుక్క పెట్టి, రెండో చుక్క అరడుగు అవతల, మూడోది మొదటివైపు. ఇలా తిరుగుతూ మధ్యలో చల్లారనిస్తూ పూడ్చాలి. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డ్ ఉన్న చోట 8 మి.మీ. రంధ్రాలు 40 మి.మీ. దూరంలో చేసి ప్లగ్ వెల్డ్ వేయండి. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి కూర్చునే లోపలి తలాలకు ముందే జింక్ వెల్డ్‌త్రూ ప్రైమర్ కొట్టాలి, తర్వాత అక్కడికి బ్రష్షు చేరదు.

శాండ్ బ్లాస్టింగ్ లెగ్స్, సస్పెన్షన్ చేతులు, యాక్సిల్ కేసింగ్ లాంటి దళసరి భాగాలకే. బానెట్, రూఫ్ మీద కొట్టిస్తే రేకు సాగి మళ్లీ సమతలానికి రాదు. వాటికి కెమికల్ స్ట్రిప్పర్ వాడి, నీటితో బాగా కడిగి ఆరబెట్టండి.

ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. విప్పిన రేకు వానాకాలంలో ఒక్క రాత్రికే ఎర్రబడుతుంది. పుట్టీ ఎపాక్సీ మీదే వేయాలి, ఉత్త రేకు మీద వద్దు. పుట్టీ తేమ పీల్చుకుంటుంది, కింద రక్షణ లేకపోతే ఏడాది తిరిగేసరికి బుడగలు వస్తాయి. మందం 2 మి.మీ. దాటాల్సి వస్తే డెంటింగ్ ఇంకా పూర్తికాలేదని లెక్క. ఆ తర్వాత 2కే ప్రైమర్, 320 నుంచి 600 దాకా పేపర్, ఆపైన పీయూ పెయింట్. జూలై, ఆగస్టు నెలల్లో హైదరాబాద్ గాలిలో తేమ ఎక్కువ. ఆరే సమయంలో క్లియర్‌కోట్ తెల్లగా మసకబారుతుంది. బూత్‌లో వేడిచేసి ఆరబెట్టే ఏర్పాటు లేని షెడ్డయితే పెయింట్ పనిని నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యకు పెట్టుకోండి. రంగు మారితే ఆర్‌సీలో ఎక్కించడం తప్పనిసరి.

పెయింట్ అయ్యాక సిల్స్, డోర్ల అడుగు, లెగ్స్ లోపల క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాలకు తుప్పు రాకుండా కొట్టే మైనం) కొట్టించండి. నీళ్లు పోయే రంధ్రాలు ఆ వ్యాక్స్‌తో మూసుకుపోకుండా తీగతో పొడిచి చూడండి.

బ్రేకులు

ముందుగా మీ కారుకు ముందు డిస్కులున్నాయా, డ్రమ్ములా చూసుకోండి. డ్రమ్ములుంటే డిస్కులకు మారడమే ఈ మొత్తం పనిలో అతి విలువైన మార్పు. డిస్కులు ఉన్నవాటికి వెంటిలేటెడ్ డిస్కు, పెద్ద కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) అమర్చాలంటే లేత్ మీద హబ్ అడాప్టర్, 10 మి.మీ. దళసరి ఉక్కు కాలిపర్ బ్రాకెట్ చేయించాలి. బాలానగర్ వర్క్‌షాపుల్లో ఈ పని కొలత తప్పకుండా చేసేవాళ్లున్నారు. బ్రాకెట్‌ను వెల్డింగ్ ముక్కలతో అతకకుండా ఒకే ప్లేటులో కోయించండి. బిగించాక డయల్ గేజితో డిస్కు అంచున ఊగు చూడాలి. 0.1 మి.మీ. దాటితే పెడల్ కాలికింద కొట్టుకుంటుంది. తప్పు తరచూ డిస్కులో కాదు, అడాప్టర్ ముఖం మీద ఉంటుంది.

పెద్ద కాలిపర్ పెట్టాక మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ను తోసేది) పాతదే ఉంచితే పెడల్ లోతుగా దిగుతుంది, ఎందుకంటే పెద్ద పిస్టన్లు నింపడానికి ఎక్కువ ఫ్లూయిడ్ కావాలి. 19.05 మి.మీ. బోరు నుంచి 22.2 మి.మీ. బోరుకు వెళ్తే అదే పెడల్ కదలికకు 36 శాతం ఎక్కువ ఫ్లూయిడ్ కదులుతుంది. అంతే నిష్పత్తిలో కాలి బలం కూడా ఎక్కువ కావాలి. కాబట్టి బూస్టర్ (కాలి బలాన్ని పెంచే వ్యాక్యూమ్ డబ్బా) ఆరోగ్యంగా ఉండాలి. ఇంజిన్ ఆపి పెడల్ ఐదారుసార్లు నొక్కి, నొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తోంది. మాస్టర్ సిలిండర్ తప్పనిసరిగా రెండు సర్క్యూట్లది ఉండాలి.

పైపుల దగ్గర చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. పాత బ్రిటిష్ బ్రేకు నట్టు 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. అంటే 9.53 మి.మీ. వ్యాసం. కొత్తగా తెచ్చే జపనీస్, భారతీయ కాలిపర్లది ఎం10, 1 మి.మీ. పిచ్. పాత నట్టు కొత్త కాలిపర్‌లోకి వదులుగా వెళ్తుంది, నాలుగైదు చుట్లు తిరుగుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. బలంగా బ్రేకు వేసిన రోజున మరలు జారి ఊడి వస్తుంది. ప్రతి నట్టుకూ పిచ్ గేజి పెట్టి చూడండి. పైపు చివర ఫ్లేర్ (విప్పారిన అంచు) కూడా రెండు రకాలు, డబుల్ ఫ్లేర్, బబుల్ ఫ్లేర్. కూర్చునే గుంట ఆకారం చూసి ఫ్లేర్ కొట్టాలి. 4.75 మి.మీ. కుప్రోనికెల్ పైపు వంచడానికి తేలిక, తుప్పు పట్టదు. మామూలు రాగి పైపు కంపనానికి గట్టిపడి పగులుతుంది, అది వద్దు.

ఫ్లూయిడ్ డాట్ 4. కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక 155. శ్రీశైలం ఘాట్ దిగుతున్నప్పుడు పెడల్ మెత్తబడేది ఈ రెండో అంకె వల్లే. రెండేళ్లకోసారి మార్చండి. గాలి తీయడం మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. కొత్త ప్యాడ్లను ఉదయాన్నే ఖాళీ రోడ్డు మీద గంటకు 60 నుంచి 20కి పదిసార్లు తగ్గిస్తూ కూర్చోబెట్టి, పూర్తిగా ఆపకుండా నడుపుతూ చల్లార్చండి. వేడి డిస్కు మీద ప్యాడ్ అదిమిపట్టి నిలబెడితే అక్కడ మచ్చపడి కొట్టుకుంటుంది.

కూలింగ్

మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడగలిగితేనే కూలింగ్ పని పూర్తయినట్టు. పాత రేడియేటర్‌ను కడిగిస్తే చాలదు. బోరు నీళ్లు పోసీ పోసీ ట్యూబుల లోపల ఉప్పు గట్టిపడి ఉంటుంది. రాగి కోర్ కొత్తది, ఒక వరుస ఎక్కువగా వేయించండి. ఇంజిన్ బ్లాకు నీటిదారుల్లో కూడా అదే ఉప్పు ఉంటుంది. వెల్ష్ ప్లగ్గులు (బ్లాకు రంధ్రాలకు కొట్టిన రేకు మూతలు) తీసి, తీగతో గీకి, కడిగి, కొత్త ప్లగ్గులు కొట్టాలి. నాలుగో సిలిండర్ వెనక మూలలో పేరుకున్న బురదను వదిలేస్తే గేజి మామూలుగా చూపిస్తున్నా హెడ్ ఆ మూలన వేడెక్కి వంగుతుంది.

14 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్ పూర్తి ష్రౌడ్‌తో (కోర్ అంతటినీ కప్పే ఫ్యాన్ తొడుగు). ష్రౌడ్ లేకుంటే ఫ్యాన్ తన ముందున్న గుండ్రటి భాగం నుంచే గాలి లాగుతుంది, మిగతా కోర్ వృథా. 82 డిగ్రీల థర్మోస్టాట్ ఉంచండి. అది తీసేస్తే చల్లగా ఉంటుందని మెకానిక్ చెప్పినా ఒప్పుకోవద్దు, నీటి ప్రవాహంలో సమతూకం పోతుంది, చలికాలం ఉదయాల్లో ఇంజిన్ వేడెక్కక ఆయిల్‌లో పెట్రోల్ కలుస్తుంది. ఫ్యాన్ 92కు మొదలై 87కు ఆగేలా స్విచ్. 0.9 బార్ క్యాప్ ఉంటే మరుగు ఉష్ణోగ్రత దాదాపు 20 డిగ్రీలు పెరుగుతుంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు, మంజీరా నీళ్లు రెండూ వద్దు.

వైరింగ్

పాత హార్నెస్‌ను అతుకుల మీద అతుకులు వేసి నడిపించడం వద్దు, కొత్తది అల్లించండి. ఫ్యాన్, హెడ్‌లైట్లు, పెట్రోల్ పంపు ఒక్కోదానికి విడి రిలే, విడి ఫ్యూజు. ఫ్యాన్ తీగ 4 చ.మి.మీ. కంటే సన్నగా ఉండకూడదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్, ఏసీ, ఫ్యూయల్ ఇంజెక్షన్ కలిస్తే 65 ఆంపియర్ల ఆల్టర్నేటర్ కనీసం కావాలి. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్‌కూ, ఇంజిన్ నుంచి బాడీకీ 16 చ.మి.మీ. ఎర్త్ పట్టీలు, కింద పెయింట్ గీకి బిగించాలి. స్టార్టర్ తిరుగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.3 వోల్టు దాటితే ఎర్త్ సరిగ్గా లేదు. కారణం తెలియని ఎలక్ట్రికల్ జబ్బుల్లో సగం ఇక్కడే తేలుతాయి.

సస్పెన్షన్, టైర్లు

ముందు బాల్ జాయింట్లు, అన్ని బుష్‌లు, స్టీరింగ్ జాయింట్లు మార్చాకే గట్టి స్ప్రింగుల గురించి ఆలోచించండి. అరిగిన బుష్‌ల మీద గట్టి స్ప్రింగు వేస్తే కుదుపు పెరుగుతుంది, పట్టు పెరగదు. అసలు స్ప్రింగు కంటే 20 నుంచి 25 శాతం గట్టిది, 25 మి.మీ. తగ్గించిన ఎత్తు, దానికి తగిన గ్యాస్ షాకులు. మన కాలనీల స్పీడ్ బ్రేకర్లకు ఇంతకంటే కిందికి దించితే సైలెన్సర్ రాసుకుంటుంది. స్ప్రింగు చుట్టు కోసి దించడం ప్రమాదం.

రబ్బరు బుష్ బోల్టులను చివరగా, కారు బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలో ఉండి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది.

అలైన్‌మెంట్‌కు ఆరంభ కొలతలు: క్యాంబర్ (చక్రం పక్కకు వాలు) మైనస్ అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలు) 3 డిగ్రీలు, టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరగడం) 1 నుంచి 2 మి.మీ. రేడియల్ టైర్ల బయటి వ్యాసం అసలు దానికి 3 శాతం తేడా లోపే ఉండాలి, లేకుంటే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, వారం, సంవత్సరం. ఆరేళ్లు దాటిన టైరు గీతలు ఎంత లోతుగా ఉన్నా వద్దు.

ఇంజిన్

విప్పకముందు కంప్రెషన్ చూడండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. తక్కువ వచ్చిన దాంట్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గాస్కెట్.

బోరు అసలు కొలత 84 మి.మీ., స్ట్రోక్ 82. అరిగితే పిస్టన్ చేతికొచ్చాకే బోరు చేయించండి, పిస్టన్ మీద రాసిన క్లియరెన్సు ప్రకారం లేత్‌వాళ్లకు కొలత ఇవ్వండి. ముందే బోరు చేయించి తర్వాత పిస్టన్ వెతికితే దొరికినదానికి సర్దుకోవాల్సి వస్తుంది. టాప్ రింగు గ్యాపు 0.34 మి.మీ. దరిదాపు. పుత్లీబౌలీ, ఆటోనగర్‌లో దొరకని గాస్కెట్ సెట్లు, బేరింగులకు కోల్‌కతా మల్లిక్ బజార్ వైపు అడిగించండి.

శక్తి పెంచడంలో మొదటి మెట్టు కంప్రెషన్ నిష్పత్తి. దీన్ని ఊహించకూడదు, కొలవాలి. స్పార్క్ ప్లగ్, వాల్వులు బిగించిన హెడ్‌ను తిరగేసి, ఛాంబర్ చుట్టూ గ్రీజు రాసి, రంధ్రమున్న అక్రిలిక్ పలక అంటించండి. బ్యూరెట్‌తో కిరోసిన్ పోస్తూ గాలి బుడగ పూర్తిగా పోయేదాకా నింపితే ఛాంబర్ ఎన్ని సీసీలో తెలుస్తుంది. దానికి గాస్కెట్ మందం, పిస్టన్ పైభాగం గుంట లేదా ఉబ్బు లెక్క కలపాలి. ఒక సిలిండర్ 454 సీసీ. నిష్పత్తి 9 కావాలంటే పైన మిగిలే ఖాళీ 56.8 సీసీ, 9.5 కావాలంటే 53.5. తేడా 3.3 సీసీ. ఛాంబర్ నోరు 50 చ.సెం.మీ. ఉందనుకుంటే హెడ్ అడుగు 0.65 మి.మీ. చెక్కితే (ఫేసింగ్) అది వస్తుంది. మన ఎండలకు, కార్బురేటర్‌తో నడిపేవాళ్లకు 9.5 దగ్గర ఆగడం మంచిది. ఫేసింగ్ తర్వాత పిస్టన్ మీద ప్లాస్టిసిన్ ముద్ద పెట్టి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ ఎత్తి ముద్ద మందం కొలవండి. ఇన్‌టేక్ వైపు 1.5, ఎగ్జాస్ట్ వైపు 2 మి.మీ. కంటే తక్కువుంటే వాల్వు పిస్టన్‌కు తగిలే ప్రమాదం. హెడ్ కిందికి దిగినందుకు కామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయం) కొద్దిగా వెనక్కి జరుగుతుంది, దాన్నీ సరిచేయించాలి.

ఇప్పుడు పెట్రోల్ సంగతి. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇది పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రమ్‌ను, ఫ్లోట్ సీలును మెత్తబరుస్తుంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా వైటాన్ పొర ఉన్న పైపులే వాడండి. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలబెట్టే కారైతే ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ ట్యాంకులో నీరు విడిపోయి అడుగున తుప్పు పడుతుంది. పైగా ఉత్త పెట్రోల్‌కు గాలి ఇంధన నిష్పత్తి 14.7 అయితే ఈ20కి దాదాపు 13.5. పాత జెట్లతో మిశ్రమం పలచనవుతుంది. వెబర్ 32/36 కార్బురేటర్‌లో 140 మెయిన్ జెట్ ఉంటే 145తో మొదలుపెట్టండి. ఆ తర్వాత ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి లాంబ్డా (మిశ్రమం చిక్కదనం, 1 అంటే సరిగ్గా, తక్కువైతే చిక్కన) చూడాలి: పూర్తి థ్రాటిల్‌లో 0.86 నుంచి 0.88, నిలకడగా నడిచేటప్పుడు 1.0 దగ్గర.

రోజూ నడిపే కారైతే కార్బురేటర్ బదులు మా ఓటు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కే. మైక్రోస్క్విర్ట్ లేదా స్పీడుయినో లాంటి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), 3 బార్ పంపు, ట్యాంకుకు రిటర్న్ లైను, క్రాంక్ పుల్లీ మీద 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం. ఈ చక్రాన్ని 3 మి.మీ. ఇనుప రేకులో లేజర్ కట్ చేయించి, లేత్ మీద నడిమధ్యకు కూర్చోబెట్టాలి. సెన్సర్‌కు దూరం 0.8 మి.మీ. చక్రం ఊగితే ఈసీయూ పళ్లు లెక్కతప్పి 4000 దాటగానే మిస్సింగ్ వస్తుంది, చాలామంది దీనికి కాయిల్‌ను నిందిస్తారు. ఇంజెక్టర్ కొలత లెక్క ఇది: 110 హార్స్‌పవర్ లక్ష్యానికి, 80 శాతం తెరుపు దగ్గర ఒక్కోటి నిమిషానికి 180 సీసీ, ఈ20కి కొంచెం కలిపితే 195. కాబట్టి 220 నుంచి 240 సీసీవి తీసుకోండి. ఇంతకంటే పెద్దవి పెడితే ఐడిల్ నిలకడగా ఉండదు.

ఎగ్జాస్ట్‌కు 38 మి.మీ. పైపుల హెడర్, ఆపైన 50 మి.మీ. పైపు చాలు. అంతకంటే లావు పైపు ఈ శక్తికి కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గించి చప్పుడు మాత్రమే పెంచుతుంది. కార్బురేటరే ఉంచుకునేవాళ్లు పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోండి. స్ట్రోబ్‌తో చూస్తే 3500 దగ్గర మొత్తం అడ్వాన్సు (పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడే కోణం) 30 నుంచి 32 డిగ్రీలు ఉండాలి. ఎండలో చడావు ఎక్కుతుంటే గజ్జెల మోతలా టకటక వినిపిస్తే వెంటనే రెండు డిగ్రీలు తగ్గించండి. పాత పోత పిస్టన్ల మీద టర్బో పెట్టడం మాత్రం మేం సిఫారసు చేయం.

గేరుబాక్సులో జీఎల్-5 (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే గేరు ఆయిల్ గ్రేడు) ఆయిల్ పోయకండి. దాని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి. మాన్యువల్ చెప్పిన గ్రేడే. వెనక యాక్సిల్‌కు మాత్రం జీఎల్-5 కావాలి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ గేజి కదిలేదాకా స్టార్టర్ తిప్పండి. ప్లగ్గులు బిగించి స్టార్ట్ అయిన వెంటనే 2000 నుంచి 2500 మధ్య 20 నిమిషాలు నడపాలి, ఐడిల్‌లో వదలొద్దు. కొత్త కామ్, రాకర్లు ఒకదానికొకటి ఒదిగేది ఆ సమయంలోనే. జింక్ ఎక్కువున్న మినరల్ 20డబ్ల్యూ-50 ఆయిల్ వాడండి.

రన్నింగ్-ఇన్‌కు (కొత్త భాగాలు ఒదిగేలా నడపడానికి) ఔటర్ రింగ్ రోడ్డు సరైన చోటు కాదు, అక్కడ వేగం ఒకేలా ఉంటుంది. వికారాబాద్ దిశగా అనంతగిరి దాకా ఎత్తుపల్లాల దారి మేలు. మూడో, నాలుగో గేర్లలో సగం పైన థ్రాటిల్ నొక్కి, వదిలి, ఇంజిన్ తానుగా నెమ్మదించనివ్వాలి. అలా నొక్కి వదలడంలోనే రింగులు సిలిండర్ గోడకు కూర్చుంటాయి. 4000 దాటొద్దు. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి మడతల్లో ఇనుప రజను ఉందేమో చూడండి. వెండిలా మెరిసే సన్నటి పొడి కొంచెం ఉంటే మామూలే. గోటికి తగిలే పలుకులు, రాగి రంగు రేణువులు ఉంటే బేరింగులు విప్పి చూడాలి.

అప్పుడే వాల్వు క్లియరెన్సు, హెడ్ బోల్టులు, గాస్కెట్ తయారీదారు రీటార్క్ చెప్పి ఉంటే అది కూడా, చల్లటి ఇంజిన్ మీద చూసుకోండి. చక్రాల నట్లు, కాలిపర్ బ్రాకెట్ బోల్టులు, స్టీరింగ్ జాయింట్లు టార్క్ రెంచితో బిగించి ఒక్కోదాని మీద పెయింట్ గీత గీయండి. 1000 కిలోమీటర్ల దగ్గర ఆ గీతలు తప్పాయేమో టార్చివేసి చూసి, తప్పినచోట నట్టు మార్చండి, తర్వాతే అలైన్‌మెంట్ మరోసారి చేయించండి.